పాతాళగండి మీద దిష్టితాడు

తూర్పు కొండల మీద బాలభానుడు కుంకుమ ఆరబోశాడు. శృంగధార నగరపు బంగారు శిఖరాలు ఆ ఎరుపును అద్దుకుని ధగధగలాడాయి. కోట బురుజుల మీద భేరీలు మోగాయి. చంద్రకాంత శిలల మెట్ల పక్కన పన్నీటి కాలువలు జలజల పారాయి. వీధి వీధినా వేల కంఠాలు “జయధీర యువరాజుకు జయము! జయము!” అని ఎలుగెత్తాయి.

ఈ వర్ణన నాది కాదు, చంద్రహేలది. ఆవిడ నవలలో ఈ అధ్యాయం ఇలాగే మొదలవుతుంది. పన్నీటి కాలువలేమిటి, రెండో రోజుకి కంపు కొట్టవూ అని అప్పట్లో నేను కామెంటు కూడా పెట్టాను. ఇప్పుడు ఆ కాలువ గట్టునే నిలబడి ఉన్నాను కదా, వంగి వాసన చూశాను. గులాబీ తోటలో నిలబడినట్టుంది. కడుపు మండిపోయింది.

నా అసలు పేరు కొప్పిశెట్టి వీర్రాజు. తణుకులో మోటారు పంపుల దుకాణంలో పని చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఫోనులో జానపద సీరియళ్ళు రాసేవాణ్ణి. నా పాఠకులందరినీ ఒక ఆటోలో ఎక్కించొచ్చు. చంద్రహేల కూడా అదే యాప్‌లో రాసేది. ఆవిడ పాఠకులకు రైళ్ళు చాలవు. ఆవిడ నవలను నేను ఒక్క వాక్యం వదలకుండా చదివాను. ఇష్టపడి కాదు, తప్పులు పట్టడానికి. ఒకనాడు ఛార్జింగులో ఉన్న ఫోను తడిచేత్తో పట్టుకుని, ఆ నవలకు ఒకే ఒక్క చుక్క రేటింగు ఇవ్వబోయాను. కళ్ళ ముందు ఏదో భగ్గుమంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆ నవలలోనే ఉన్నాను.

పోనీ కథానాయకుడిగా పుట్టానా అంటే అదీ లేదు. వక్రసేనుడిగా పుట్టాను. చిన్నరాణి కొడుకు. కోరమీసం, కంటి కింద కత్తిగాటు, నల్లటి ఉత్తరీయం, మామూలుగా నవ్వబోయినా వికటాట్టహాసంగా వచ్చే గొంతు. సవతి తమ్ముడు జయధీరుడి మీద అసూయతో కుళ్ళి కుళ్ళి, చివరికి అతడి కత్తికే తల అప్పగించే ప్రతినాయకుడు. ఆ తల తెగేది కూడా ఈ అధ్యాయంలోనే. అంటే ఈ పూటే.

సంగతి ఇది. జంబీరనాథుడనే మాంత్రికుడు మహారాజు కంటిచూపును అపహరించి, ఒక నీలమణిలో బంధించి, పాతాళగండికి ఆవల గుహలో దాచాడు. ఆ మణిని తేవడానికి జయధీరుడు గండి దాటాలి. దాటేటప్పుడు అతడి నడుముకు కట్టిన తాడు రెండో కొస వక్రసేనుడి చేతిలో ఉంటుంది. నవలలో వక్రసేనుడు ఆ తాడును కోసేస్తాడు. ఎక్కడినుంచో గరుడపక్షి వచ్చి యువరాజును అందుకుంటుంది. అతడు పైకి వచ్చి ఒక్క వేటుకు వక్రసేనుడి తల ఎగరగొడతాడు. పాఠకులు చప్పట్లు కొడతారు.

కాబట్టి నా ఉపాయం చాలా చిన్నది. తాడు కోయను. ఆ మాట మీద నాకే నమ్మకం చాలక, చాకు కూడా కోటలోనే వదిలేశాను.

తాడు నా చేతికే ఎందుకు వస్తుందంటే అది శృంగధార ఆచారం. కొండల రాజ్యం కదా, అక్కడ ఎవరు లోయ దాటినా, శిఖరం ఎక్కినా, తాడు పట్టుకునేది వాళ్ళను చూసి అందరికంటే ఎక్కువ కుళ్ళుకునే మనిషే. దాన్ని దిష్టితాడు అంటారు. నల్లమేక వెంట్రుకలతో పేని, మంత్రించి ఇస్తారు. నిండు సభలో రాజపురోహితుడు ఆ తాడును పళ్ళెంలో పెట్టుకుని అడిగాడు.

“యువరాజును చూసి ఈ రాజ్యంలో అందరికంటే ఎక్కువగా కడుపు మండేది ఎవరికి?”

సభ మొత్తం తల తిప్పి నా వంక చూసింది. మా అమ్మ చిన్నరాణి కూడా చూసింది.

“రా నాయనా వక్రసేనా,” అన్నాడు పురోహితుడు ఎంతో ఆప్యాయంగా. “సిగ్గుపడకు. ప్రేమించినవాడు ఎక్కడ పడిపోతాడోనని కళ్ళు మూసుకుంటాడు. కుళ్ళుకునేవాడు రెప్ప వేయకుండా చూస్తాడు. అందుకే మన పెద్దలు ఈ తాడు నీలాంటివాళ్ళ చేతిలో పెట్టమన్నారు. నీ కడుపులో ఆ మంట ఉన్నంతసేపు దీన్ని ఏ ఆయుధమూ తెంచలేదు, నువ్వు నీ చేత్తో కోస్తే తప్ప. మంట చల్లారిందా, చూపు పక్కకు తిరిగిందా, అప్పటికప్పుడు ముడి సడలిపోతుంది. తాడు కట్టుకున్నవాడు పడిపోతే పట్టుకున్నవాణ్ణి కూడా అదే గండిలోకి తోసేస్తారు. తెలుసుగా?”

“తెలుసు స్వామీ,” అన్నాను. ఆవిడ రాసిందంతా నాకు కంఠతా వచ్చు.

అప్పుడు జయధీరుడు సింహద్వారంలోంచి వచ్చాడు. వచ్చాడంటే మనలా నడిచి రాలేదు. ముందు గాలి వచ్చింది, తర్వాత సంపెంగల వాసన వచ్చింది, తర్వాత అతడు వచ్చాడు. ఉంగరాల జుట్టు గాలికి ఎగిరి, మళ్ళీ ఎక్కడిది అక్కడే కుదురుకుంది. పావురాలు అతడి భుజాల మీద వాలాయి. ఒక్క పావురమూ రెట్ట వేయలేదు.

“అన్నా,” అని అతడు నన్ను కౌగలించుకున్నాడు. “నీ అంత శ్రద్ధగా నన్ను చూసేవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరూ లేరు. నాకు భయం లేదు.”

దెప్పిపొడుపు అయితే తట్టుకునేవాణ్ణి. మనస్ఫూర్తిగా అన్నాడు.

బయలుదేరాం. అతడిది పాలనురుగులాంటి తెల్లగుర్రం. నాది కరిచే గుర్రం. కరాళవనంలో చెట్లు కొమ్మలు చాచి మా మెడలు పట్టుకున్నాయి. యువరాజు ఒక చరణం పాడేసరికి కొమ్మలు పులకరించి, అతణ్ణి వదిలి పూలు రాల్చాయి. నేనూ పాడాను. నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. చివరికి అతడే కత్తితో కొమ్మలు నరికి నన్ను విడిపించి, “నీ గొంతు బాగుంది అన్నా, రాగం కొంచెం కొత్తగా ఉంది,” అన్నాడు.

అడవి దాటాక ఎర్రమట్టి దారిలో ఒక ముసలమ్మ కూలబడి దాహం దాహం అంటోంది. ఆమె మారువేషంలో ఉన్న యక్షిణి అని నాకు ముందే తెలుసు. నీళ్ళిచ్చినవాడికి వరం ఇస్తుంది. గుర్రం మీదినుంచి దూకి పరుగెత్తాను. నా నీళ్ళతిత్తి మొత్తం ఆమె చేతిలో పెట్టి, కాళ్ళకు దండం కూడా పెట్టాను. గటగటా తాగేసింది. మూతి తుడుచుకుంది. నా కంటి కింద గాటు వంక అనుమానంగా చూసింది. అంతలో జయధీరుడు వచ్చి ఖాళీ తిత్తి చూసి, “అయ్యో అవ్వా, ఇంకా దాహంగా ఉందా?” అన్నాడు. అంతే! తళుక్కున మెరుపు మెరిసింది. ముసలమ్మ నిలువెల్లా నవరత్నాలతో యక్షిణిగా మారి, “నాయనా, నీ కరుణకు మెచ్చాను!” అని నిప్పు తాకని అగ్నికవచాన్ని అతడికి తొడిగి మాయమైపోయింది.

నీళ్ళు నావి. కవచం అతడిది.

“ఓరి నీ దుంప తెగ!” అన్నాను ఆకాశం కేసి చూసి.

“అది ఏ మంత్రం అన్నా?” అని అడిగాడు యువరాజు వినయంగా. నేను దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాను.

సూర్యుడు నడినెత్తికి వచ్చేవేళకు గండి చేరాం. ఒప్పుకోక తప్పదు, చంద్రహేల దీన్ని బాగా రాసింది. భూమిని ఎవరో రెండు చేతులా చించినట్టుంది. అడుగున ఏముందో మేఘాలు కప్పేశాయి. ఆ మేఘాల్లోంచి అక్కడక్కడా రాతి మొనలు పైకి వచ్చి ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక పాదం పట్టేంత. అవతలి గట్టున రాక్షసుడి నోరులాంటి గుహ. దాని ఇనుప తలుపు మీద పుర్రెల తోరణం. ఆ మొన మీదినుంచి ఈ మొన మీదికి దూకుతూ అవతలికి చేరాలి. జారితే అంతే సంగతులు.

యువరాజు తాడును నడుముకు చుట్టుకున్నాడు. నేను ముడి వేసి, రెండో కొస మణికట్టుకు చుట్టుకుని, గట్టు మీద రాతికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాను. నా ప్రాణం ఇప్పుడు ఆ వెంట్రుకల తాడు మీదే ఉంది. అతడు పడకూడదు, అంతే.

అతడు దూకాడు. ఒక మొన, ఇంకో మొన. జింకపిల్లలా దూకుతున్నాడు. ప్రతి దూకులోనూ ఉత్తరీయం నెమలిపింఛంలా విచ్చుకుంటోంది. నేను రెప్ప వేయలేదు. ఆ ఉత్తరీయాన్ని చూస్తూ ఉంటే తాడు ఇనుపగొలుసులా బిగుసుకుంది.

గుహ కప్పు మీద జంబీరనాథుడు ప్రత్యక్షమయ్యాడు. ఎండుపుల్లలాంటి మనిషి, మెడలో నిమ్మకాయల దండ. జంబీరమంటే నిమ్మకాయే కదా, మాంత్రికుడికి ఆ పేరేమిటని నేను వెక్కిరిస్తే ఆవిడ పాఠకులు నన్ను చీల్చి చెండాడారు. ఎదురుగా చూస్తే వెక్కిరించాలనిపించలేదు. అతడు దండలోంచి ఒక కాయ తెంపి విసిరాడు. అది పగిలి, అందులోంచి నిప్పుల గద్దలు వచ్చి యువరాజు మీద పడ్డాయి. అగ్నికవచం తగిలి బూడిదయ్యాయి. ఇంకో కాయ విసిరాడు. అది గండ్రగొడ్డలై తిరుగుతూ వచ్చి తాడు మీద పడింది. ఠంగున మోగి గొడ్డలే రెండు ముక్కలైంది.

మాంత్రికుడు తాడు వెంబడే చూస్తూ వచ్చాడు. చూపు నా దగ్గర ఆగింది.

“ఓహో! దిష్టితాడా!” అన్నాడు గుహ అదిరేలా నవ్వుతూ. “అయితే నరకాల్సింది తాడును కాదు. పాపం, ఎన్నాళ్ళుగా మండుతున్నావు నాయనా? నీ మంట నేను చల్లారుస్తాను!”

మూడో కాయను యువరాజు మీదికి కాదు, నా మీదికి విసిరాడు. చల్లటి రసం నా ముఖాన పడింది.

గండి లేదు. పెద్ద మైదానం. కనుచూపు మేర జనం. అందరి చేతుల్లోనూ ఫోన్లు. అందరూ తలలు వంచి చదువుతున్నారు. దగ్గరికెళ్ళి ఒకడి భుజం మీదుగా తొంగి చూశాను. నా సీరియల్! ఇంకొకామె చేతిలో కూడా నాదే. ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుని, “తరువాతి భాగం ఎప్పుడు పెడతారండీ? నిద్ర పట్టడం లేదు,” అన్నాడు. జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆ దారిలో ఒకావిడ వచ్చి నాకు దండం పెట్టింది.

“నమస్కారం వీర్రాజు గారూ. నా పేరు చంద్రహేల. ఎంత ప్రయత్నించినా మీలా రాయలేకపోతున్నానండీ. కాస్త నేర్పుతారా?”

అబ్బ! ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గుండెలో ఎప్పుడూ రగులుతూ ఉండే కుంపటి మీద ఎవరో కుండెడు నీళ్ళు పోసినట్టయింది. ఆవిడ మీద కోపం పోయింది. ఎవరి మీదా ఏమీ లేదు. మంచివాణ్ణి అయిపోయాను. జయధీరుడా? ఎవరో పాపం, వాడూ బాగుండాలి.

మణికట్టు మీద ఏదో వదులైంది. ఎక్కడో దూరంగా రాతి మొన మీద కాలు తప్పిన చప్పుడు, తాడు సర్రున జారుతున్న చప్పుడు. అయినా నేను తల తిప్పలేదు. ఎందుకు తిప్పాలి?

కానీ జనం తిప్పారు.

ఆ మాయను మాంత్రికుడు నా మనసులోంచే అల్లాడు కదా, అక్కడే దెబ్బతిన్నాడు. నా మనసులో జయధీరుడు లేని మూల ఎక్కడుంది? ఒక్కొక్కరూ ఫోను దించి ఆకాశం వంక చూడటం మొదలుపెట్టారు. పెద్దాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పిల్లలు వేళ్ళు చూపిస్తున్నారు. చంద్రహేల కూడా నన్ను వదిలేసి, చేతులు జోడించి, “ఆహా! ఎంత బాగా పడుతున్నాడు!” అంది.

నేనూ చూశాను. యువరాజు తలకిందులుగా పడిపోతున్నాడు. జుట్టు పాయలు పాయలుగా విడిపోయి ఎండలో మెరుస్తోంది. ఉత్తరీయం తామరరేకులా విచ్చుకుంది. చచ్చిపోతూ చిరునవ్వు నవ్వుతున్నాడు.

నా సొంత మాయ. నా సొంత పాఠకులు. చావులో కూడా వీడే బాగుండాలా? నేను గానీ పడితే పంచె ఊడిపోయి, నోట్లోకి గాలి పోయి, పందిలా అరుస్తాను. వీడు మాత్రం బొమ్మ గీయించుకోవడానికి పడుతున్నట్టు పడుతున్నాడు!

కడుపులో కుంపటి ఒక్కసారిగా భగ్గున లేచింది. మైదానం, జనం, చంద్రహేల అంతా మంచులా కరిగిపోయారు. ముందు గండి, చేతిలో తాడు. సడలిన ముడి పటుక్కున బిగుసుకుంది. తాడు గిర్రున లాగి నన్ను గట్టు అంచుదాకా ఈడ్చింది. రాతికి కాళ్ళు తన్ని నిలదొక్కుకున్నాను. అరచేతులు చీరుకుపోయాయి. మేఘాల్లోంచి యువరాజు గొంతు వినిపించింది.

“బతికే ఉన్నాను అన్నా! నువ్వున్నావని తెలుసు!”

“నోరు మూసుకుని ఎక్కు!” అన్నాను. అలా కృతజ్ఞతలు చెప్పడం కూడా వాడికి బాగా వచ్చు.

అతడు ఊగి, ఒక మొనను అందుకుని, పైకి పాకి, గబగబా నాలుగు గెంతుల్లో అవతలి గట్టు చేరాడు. చేరగానే తాడు విప్పి తన మణికట్టుకు చుట్టుకున్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. తాడు కోయలేదు, యువరాజు చావలేదు, నా తల మెడ మీదే ఉంది. చంద్రహేల రాసిన చావు తప్పించుకున్నాను!

ఆ సంబరం ఆవులింత సేపు కూడా నిలవలేదు. గుహ మీద మాంత్రికుడు పళ్ళు కొరుకుతూ దండలో మిగిలిన కాయల్లో ఒకటి నా వైపు గట్టుకు విసిరాడు. ఎండుగడ్డి భగభగ మండింది. వీపు వెనుక నిప్పు గోడలా లేచింది. నాకు అగ్నికవచం లేదు. అది ఎవరి ఒంటి మీద ఉందో చెప్పనక్కరలేదు.

“అన్నా! తాడు నడుముకు కట్టుకుని దూకు! నేను పట్టుకుంటాను!” అని యువరాజు అరిచాడు.

“నువ్వు పట్టుకుంటే ఏం లాభం యువరాజా?” నేనూ అరిచాను. “ఇది దిష్టితాడు! పట్టుకున్నవాడికి నన్ను చూస్తే కడుపు మండాలి! నా దగ్గరేముందని నీకు మండుతుంది? ఈ లోకంలో గానీ ఆ లోకంలో గానీ నన్ను చూసి కుళ్ళుకున్నవాడు ఒక్కడు లేడు!”

అతడు నవ్వలేదు. “దూకు,” అన్నాడు.

ఉత్తరీయం అంటుకుంది. దాన్ని విసిరికొట్టి, తాడు నడుముకు కట్టుకుని దూకాను. మొదటి మొన మీద కాలు నిలిచింది. రెండోదాని మీదా నిలిచింది. అవతలి గట్టు చేరువయ్యేసరికి ఆశపడ్డాను, అక్కడ జారాను. అనుకున్నట్టే పందిలా అరిచాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ముడి ఇప్పుడు ఊడుతుంది, ఇప్పుడు ఊడుతుంది అనుకుంటూ పడుతున్నాను.

ఊడలేదు. నడుము విరిగిపోయేంత గట్టిగా బిగుసుకుంది. ఊపిరి ఆడలేదు. నేను అతణ్ణి ఎన్నడూ అంత గట్టిగా పట్టుకోలేదు.

కళ్ళు తెరిచి పైకి చూశాను. గట్టు అంచున యువరాజు బోర్లా పడుకుని, తాడును బారలు బారలుగా లాగుతున్నాడు. పళ్ళు బిగబట్టాడు. ముఖం కందిపోయి, వంకరపోయి ఉంది. ఆ చూపు నాకు బాగా పరిచయం. చంద్రహేల కొత్త అధ్యాయం పెట్టిన రోజున నా ఫోను అద్దంలో కనిపించేది అదే.

“నా మీదా?” అన్నాను నమ్మలేక. “దేనికి యువరాజా?”

“ఇందాక నేను పడుతుంటే ఏం చేశానో చూశావా?”

“నవ్వావు.”

“ప్రాణం పోతోంది అన్నా. అమ్మా అని అరవాలనిపించింది. నోరు తెరిస్తే నవ్వొచ్చింది. చిన్నప్పటినుంచీ అంతే, నాకు ఇంకేదీ రాదు. నువ్వేమో కోపమొస్తే తిడతావు, కాలితే అరుస్తావు. కవచం నాకిచ్చారని దారంతా గొణిగావు. నేను వెనకాలే వస్తూ ఒక్కొక్క మాటా విన్నాను. నాకలా ఒక్కసారి గొణగడం వస్తే చాలని ఎంత కుళ్ళుకున్నానో నీకేం తెలుసు?”

చెమట కళ్ళలోకి కారుతున్నా అతడు రెప్ప వేయలేదు. మొదటిసారి అతడు అందంగా లేడు. ఈ మాటలు నవలలో ఎక్కడా లేవు. ఒక్క వాక్యం వదలకుండా చదివినవాణ్ణి, నాకు తెలుసు. ఇక్కడినుంచి ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలియదు.

ఇంకొక్క బార లాగితే నా చేయి గట్టు అంచుకు అందుతుంది. అప్పుడు చూశాను. అతడి భుజం వెనుక ఇనుప తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. నిమ్మకాయల దండ బయటికి వచ్చింది. జంబీరనాథుడు పిల్లిలా అడుగులు వేస్తూ వచ్చి, రెండు చేతులా త్రిశూలం పైకెత్తాడు. అగ్నికవచం నిప్పును ఆపుతుంది. ఇనుమును ఆపదు.

నేను నోరు మూసుకుంటే అతడు ఆ ఒక్క బారా లాగుతాడు. నేను బతుకుతాను. యువరాజు లేని కథలో నాకంటే గొప్పవాడు కూడా ఉండడు. నోరు తెరిస్తే అతడు తల తిప్పుతాడు, చూపు తప్పగానే ముడి సడలుతుంది. నాలాంటివాళ్ళ కోసం గరుడపక్షులు రావు.

అతడు నన్నే చూస్తున్నాడు. నా వంక అలా చూసినవాళ్ళు ఏ జన్మలోనూ లేరు.

“తమ్ముడూ!” అని అరిచాను. “వెనక్కి చూడు!”